తప్పుబోర్డు సెంటర్

మా ఊరికి ఎవరొచ్చినా ముందు తెలుసుకోవలసింది తప్పుబోర్డు ఎక్కడ అని. మిగతా ఊరంతా దానికి ఇటో అటో ఉంటుంది. ప్రభుత్వాసుపత్రి తప్పుబోర్డు దాటాక ఎడమచేతి వైపు. సినిమాహాలు తప్పుబోర్డు ఎదురు సందులో. పెళ్ళి శుభలేఖల మీద కూడా కల్యాణమండపం పేరు కింద 'తప్పుబోర్డు దగ్గర' అని అచ్చువేయిస్తారు. బస్టాండు బయట షేర్ ఆటోల వాళ్ళు తెల్లారింది మొదలు "తప్పుబోర్డు, తప్పుబోర్డు, తప్పుబోర్డు" అని గొంతు చించుకుంటూ ఉంటారు. కొత్తవాళ్ళు అదేదో అమ్మవారి పేరనుకుని లెంపలేసుకున్న సందర్భాలు కూడా ఉన్నాయి.

ఆ బోర్డు మాణిక్యమ్మది. పసుప్పచ్చ రేకు మీద ఎర్రటి అక్షరాలతో ఇలా ఉంటుంది:

మాణిక్యమ్మ ఇడ్లీ కొట్టు

దాని కింద నాలుగు బెంచీలు, ఒక పొయ్యి, పొయ్యి మీద బానంత ఇడ్లీ పాత్ర, దాని వెనకాల మాణిక్యమ్మ. ఆమె ఇడ్లీ గురించి నేను ఎక్కువ చెప్పకూడదు, ఈ కథ మా ఆవిడ కూడా చదువుతుంది. నేను మునిసిపల్ ఆఫీసులో సీనియర్ అసిస్టెంటుని, పేరు వెంకటరత్నం. డాక్టరు బీపీ మాత్ర రోజూ టిఫిను తర్వాత వేసుకోమన్నాడు కాబట్టి రోజూ అక్కడే టిఫిను చేస్తాను. ఆరోగ్యం విషయంలో అశ్రద్ధ పనికిరాదు కదా.

ఇలా హాయిగా జరిగిపోతున్న రోజుల్లో, పైన ఎవరో పెద్దాయనకి కారులో పోతూ ఉంటే ఎక్కడో ఒక బోర్డు మీద అక్షరదోషం కనబడిందట. ఆయన మనసు కష్టపడింది. మామూలు వాళ్ళ మనసు కష్టపడితే కన్నీళ్ళొస్తాయి, పెద్దవాళ్ళ మనసు కష్టపడితే సర్క్యులర్ వస్తుంది. 'అక్షరదోష రహిత పట్టణం' అనే పథకం పుట్టింది. ఏ పట్టణంలో ఒక్క తప్పు బోర్డు కూడా లేదో ఆ పట్టణానికి జ్ఞాపిక, దాని కమిషనరుకి శాలువా.

మా కమిషనరు వైకుంఠరావు గారికి శాలువా అంటే ప్రాణం. అసలు ఆయన మనిషి మంచివాడే. కాకపోతే ఫైళ్ళు చదివీ చదివీ మాట కూడా ఫైలు లాగే తయారైంది. ఇంట్లో భార్యని కాఫీ అడగాలన్నా 'సదరు కాఫీ విషయమై తగు చర్య తీసుకొనుడు' అంటారని ప్యూన్ల భోగట్టా.

"వెంకటరత్నం గారూ," అన్నారు నన్ను పిలిచి, "పట్టణ పరిధిలో గల సమస్త దోషభూయిష్ఠ నామఫలకములను గుర్తించి నివేదిక సమర్పించవలసి ఉన్నది."

"అంటే బోర్డులన్నీ చదవాలాండీ?"

"చదవటానికి సిబ్బంది ఏరి? ప్రజాస్వామ్యంలో ప్రజలే కళ్ళు. సర్వే చేయించండి. మీకు తెలిసిన తప్పు బోర్డు ఏది, అని ఒకటే ప్రశ్న."

వార్డు వార్డుకీ మనుషులు తిరిగారు. అడిగిన ప్రతివాడూ అడిగినవాణ్ణి ఎగాదిగా చూశాడు. "తప్పుబోర్డు ఏదేంటండీ బాబూ, తప్పుబోర్డే!" అన్నాడు. చంటిపిల్లల తల్లులు, ముసలివాళ్ళు, చదువుకున్నవాళ్ళు, సంతకం రానివాళ్ళు, ఊరు ఊరంతా ఒకే మాట. రెండో బోర్డు పేరు చెప్పిన నాథుడు లేడు. మా ఊళ్ళో జనం ఒక్క విషయం మీద ఇలా ఏకాభిప్రాయానికి రావడం నేనెప్పుడూ చూడలేదు.

కమిషనరు గారి ముఖం వెలిగిపోయింది. "భేష్! ఊరు మొత్తానికి ఒకే ఒక్క తప్పు. అది తొలగిపోతే పట్టణం నిర్దోషం. సదరు మాణిక్యమ్మకు నోటీసు ఇవ్వండి!"

నోటీసు నేనే టైపు చేశాను, నేనే పట్టుకెళ్ళాను. చేదు వార్త చెప్పాక నోరు తీపి చేసుకోవడం బాగుండదని ముందు టిఫిను కానిచ్చి, చెయ్యి కడుక్కుని, అప్పుడు తీశాను.

"మీ దుకాణపు నామఫలకము నందు గల తప్పును ఈ నెలాఖరులోగా సరిదిద్దుకొని, అట్లు సరిదిద్దుకొన్నట్లు ధ్రువపత్రము పొందనియెడల, మీ ట్రేడ్ లైసెన్సు రద్దుపరచి దుకాణమునకు సీలు వేయబడును," అని చదివాను.

మాణిక్యమ్మ గరిటె పక్కన పెట్టింది. "సీలేంటండీ! ఈ కొట్టు మూసేస్తే నేను ఏం తిని బతకాలి? ఆయన పోయిన్నాడు నా చేతిలో ఉన్నది ఈ ఇడ్లీ పాత్రొక్కటే. దాంతోనే ఇద్దరు పిల్లల్ని ఒడ్డెక్కించాను."

"అంత దాకా రాదు మాణిక్యమ్మా. తప్పు దిద్దించేస్తే సరి."

"సరే, దిద్దిస్తాను. ఏంటా తప్పు?"

"ఏంటంటే..." అని తలెత్తి బోర్డు చూశాను. చదివాను. కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ చదివాను. బెంచీ ఎక్కి, అక్షరం అక్షరం వేలు పెట్టి, ఒకటో తరగతి పిల్లాడిలా పైకి చదివాను. మా, ణి, క్య, మ్మ. ఇ, డ్లీ. కొ, ట్టు. దీర్ఘాలు ఉండాల్సినచోట దీర్ఘాలున్నాయి, వత్తులు ఉండాల్సినచోట వత్తులున్నాయి. బోర్డు మీద తప్పన్నది లేదు.

"ఏంటండీ అలా గుడ్లప్పగించారు?" అంది మాణిక్యమ్మ.

"ఇందులో తప్పేం లేదే!"

"నేనేమైనా ఉందన్నానా? మీరే కదా కాయితం తెచ్చారు." ఆమె నడుం మీద చెయ్యి పెట్టుకుంది. "నేను అయిదో తరగతి దాకా చదివానండి రత్నంగారూ. కొట్టు పెట్టిన్నాడు మన బుల్లెబ్బాయే రాశాడు ఈ బోర్డు. ఏదో ఒక్కక్షరం తప్పు పడితే, నేను చూసి, కిరసనాయిలు గుడ్డతో తుడిపించి, అప్పటికప్పుడు దిద్దించాను. మొదటి వాయి దిగే లోపల తప్పు పోయింది. ఆ వేళకి బల్ల మీద ముగ్గురే ఉన్నారు. వాళ్ళు నవ్వుకుంటూ పోయి ఊరంతా చెప్పారు. ఊరు తప్పుబోర్డు అని పేరెట్టేసింది. ఇహ ఎవడైనా తలెత్తి చూస్తేనా?"

ఇన్నేళ్ళుగా ఆ బోర్డు కింద కూచుని దాన్నెప్పుడూ చదవలేదని అప్పుడు నాకు తట్టింది. చదవడానికేముంది, అది తప్పుబోర్డని తెలుసు కదా! తెలిసినదాన్ని మళ్ళీ చదివే తీరిక ఎవడికుంటుంది చెప్పండి.

"మీరేం బెంగపెట్టుకోకండి. కమిషనరు గారికి నేను చెబుతాను," అని వచ్చేశాను. నా అమాయకత్వానికి ఇప్పుడు నాకే జాలేస్తుంది.

"తప్పు లేదా!" అన్నారు కమిషనరు గారు. "ప్రజాభిప్రాయ సేకరణలో నూటికి నూరు శాతం రుజువైన తప్పును మీరు బెంచీ ఎక్కి కాదంటారా? బెంచీ ఎక్కమని మీకు ఎవరు ఆదేశించారు? ఈ విషయమై నిపుణుల సంఘాన్ని నియమిస్తున్నాను."

నిపుణుల సంఘానికి అధ్యక్షులు డాక్టర్ చక్రపాణి గారు. ముప్పయ్యేళ్ళు కాలేజీలో తెలుగు చెప్పి రిటైరయ్యారు. పెళ్ళిళ్ళలో భోజనం ముందు శుభలేఖలో తప్పులు పట్టి, భోజనం తర్వాత వడ్డనలో తప్పులు పట్టడం ఆయన వ్యాపకం. ఇంకో ఇద్దరు సభ్యులు కూడా ఉన్నారు గానీ వాళ్ళు ఆయన తలాడిస్తే తలాడించే వాళ్ళే కాబట్టి పేర్లు అనవసరం.

సంఘం జీపులో దిగింది. చక్రపాణి గారు రోడ్డుకి అవతలి వైపే నిలబడి ఉపన్యాసం మొదలుపెట్టారు. "ఈ బోర్డును నేను తరగతి గదిలో ఉదాహరణగా చెప్పేవాణ్ణి. భాష ఎంత అధోగతి పాలైందో తెలియాలంటే మాణిక్యమ్మ బోర్డు చూడండిరా, అనేవాణ్ణి. ఇందులో దోషం ఏమిటంటే..."

బోర్డు వైపు చూశారు. ఆగారు. జేబులోంచి భూతద్దం తీశారు. రోడ్డు దాటారు. ఆటోవాడొకడు బూతు తిట్టాడు, అయినా ఆయన గమనించలేదు. బోర్డు కింద నిలబడి మెడ నొప్పెట్టేదాకా చూశారు.

"దోషం ప్రచ్ఛన్నంగా ఉంది," అన్నారు చివరికి.

"అంటే లేదనేనాండీ?" అంది మాణిక్యమ్మ.

"లేదని నేనెలా అంటానమ్మా? ఇన్నేళ్ళ విద్యార్థులకి ఏం సమాధానం చెప్పను?" ఆయన గొంతులో నిజంగానే బాధ ఉంది. ఆ బాధలో మూడు ప్లేట్లు ఇడ్లీ లాగించి జీపెక్కారు.

నివేదికలో 'పరిశీలన సమయమునకు సదరు తప్పు స్థలము నందు లభ్యము కాలేదు' అని రాశారు. కమిషనరు గారు దాని పక్కన ఎర్ర సిరాతో 'పరారీలో ఉన్నదా? విచారించి తెలుపుడు' అని రాశారు.

దాంతో బహిరంగ విచారణ పెట్టారు. కౌన్సిలు హాలు కిటకిటలాడింది. మా ఊళ్ళో బడ్జెట్ సమావేశానికి కూడా అంతమంది రారు. ప్రతి సాక్షీ బోర్డు మీది తప్పు ఏమిటో ప్రమాణం చేసి చెప్పాలి.

ముందుగా రిటైర్డ్ హెడ్మిస్ట్రెస్ అనసూయాదేవి గారు లేచారు. "మాణిక్యమ్మ అన్నచోట మ కింద వత్తు ఎగిరిపోయింది. నేను స్వయంగా చూశాను. నాకు ఆ రోజంతా అన్నం సయించలేదు."

బట్టల కొట్టు గుప్తా గారు ఊరుకోలేదు. "వత్తు భేషుగ్గా ఉందండీ. కొట్టులో కొమ్ము లేదు. కొట్ట అని ఉంది. నా షాపు ఎదురుగానే కదా, రోజూ శకునం అదే నాకు."

"కాదండి బాబూ! ఇడ్లీకి బదులు బడ్లీ అని ఉంది," అన్నాడు ఇంకొకాయన. "మా నాన్నగారు పోయేదాకా దాన్ని బడ్లీ కొట్టనే అన్నారు. పోయినాయన అబద్ధమాడతాడా?"

హాల్లో మూడు పార్టీలైపోయాయి. వత్తు వాళ్ళు, కొమ్ము వాళ్ళు, బడ్లీ వాళ్ళు. చొక్కాలు పట్టుకునే దాకా వచ్చింది. నేను లేచి, బోర్డుకి తీసిన పెద్ద ఫొటో గోడకి తగిలించాను. "మీరే చూడండి. ఎక్కడుంది తప్పు?" అన్నాను.

అందరూ మెడలు చాచి చూశారు. తర్వాత గుప్తా గారు నవ్వారు. "ఫొటోలో ఎలా కనబడుద్దండీ? డైరెక్టుగా చూడాలి."

"ఈ మునిసిపాలిటీ వాళ్ళు ఫొటోలో దిద్దేశారు," అన్నారెవరో వెనక నించి. అందరికీ ఆ మాట నచ్చింది. మూడు పార్టీలూ ఒకటైపోయాయి.

ఆటో యూనియన్ నాయకుడు పోలిశెట్టి చెయ్యెత్తాడు. "తప్పేదైనా అవ్వనివ్వండి. అది తీసేస్తే రేపణ్ణించి మేం ఏమని అరవాలో చెప్పండి ముందు."

మాణిక్యమ్మ మూల కూచుని ఉంది. బయటికొచ్చాక నాతో అంది. "చూశారా రత్నంగారూ, వీళ్ళల్లో సగం మంది నా చేతి ఇడ్లీ తిని పెరిగిన వాళ్ళే. ఒక్కడంటే ఒక్కడు కూడా 'పోనీ, ఓసారి వెళ్ళి చూసొద్దాం' అనలేదు." నేను గొడుగు మడతపెట్టుకున్నాను.

విచారణ అయ్యాక కమిషనరు గారు మెత్తబడ్డారు. "సరే, తప్పు లేదనే అనుకుందాం. అప్పుడు సరిదిద్దుకున్నట్లు ధ్రువపత్రం ఇచ్చేస్తే అందరికీ మేలే కదా?"

"చాలా మేలండీ," అన్నాను ఆనందంగా.

ఆ ఆనందం కంప్యూటరు ముందు కూచునే దాకానే ఉంది. ధ్రువపత్రం రావాలంటే పైవాళ్ళ వెబ్‌సైటులో రెండు ఫొటోలు ఎక్కించాలి. ఒకటి తప్పు ఉన్నప్పటిది, ఒకటి తప్పు దిద్దాక తీసింది. నేను బోర్డు ఫొటో ఒకటే రెండుసార్లు ఎక్కించాను. అది వెంటనే ఎర్రబడి, రెండు ఫొటోలకూ తేడా లేనందున దిద్దుబాటు జరగలేదని, కొట్టు సీలు వేయుటకు అర్హమైనదని తేల్చేసింది. కంప్యూటరుకి లంచం పనిచేయదు, బతిమాలడమూ పనిచేయదు. నెలాఖరు చూస్తే ముంచుకొస్తోంది.

కమిషనరు గారు కళ్ళు మూసుకుని చాలాసేపు ఆలోచించారు. తర్వాత ఆయన చెప్పిన మాట విని, ఆయన ఊరికే కమిషనరు కాలేదని నాకు అర్థమైంది.

"సదరు బోర్డు నందు తాత్కాలిక ప్రాతిపదికన ఒక తప్పును నెలకొల్పి, ఫొటో తీసిన మీదట, దానిని తొలగించవలెను."

"అంటే తప్పు లేని బోర్డులో మనమే తప్పు రాయించాలాండీ?"

"రాయించటం కాదు, నెలకొల్పటం. అది కూడా శాస్త్రీయంగా ఉండాలి. తప్పు ఎంపిక బాధ్యత చక్రపాణి గారిది."

చక్రపాణి గారు తెల్ల కాగితాలు తీసుకుని గదిలో తలుపేసుకున్నారు. సాయంత్రానికి బయటికొచ్చారు. ముఖం పీక్కుపోయి ఉంది. కాగితాల నిండా 'మాణిక్యమ్మ ఇడ్లీ కొట్టు' అని ముత్యాల్లాంటి అక్షరాలతో రాసి ఉంది.

"చెయ్యి రావటం లేదయ్యా," అన్నారు దీనంగా. "తప్పు రాయాలని కలం పెడతాను, ఒప్పే పడుతోంది. జీవితమంతా తప్పులు పట్టాను గానీ చేసిన అలవాటు లేదు."

ఇక మాణిక్యమ్మని ఒప్పించే పని నాది. వెళ్ళేసరికి రుబ్బిన పిండి గిన్నెలోకి తీస్తోంది. విషయం చెప్పాను. పిండి చేత్తోనే అలా నిలబడిపోయింది.

"నా బోర్డు మీద తప్పు రాయిస్తారా?"

"ఒక్క రోజే మాణిక్యమ్మా. మర్నాడు దిద్దించేస్తాం."

"ఊరంతా ఇరవయ్యేళ్ళ బట్టి తప్పుబోర్డు, తప్పుబోర్డు అంటానే ఉంది. ఏ రోజైనా నేను నొచ్చుకున్నానా? ఎందుకు నొచ్చుకోలేదో తెలుసా? నా బోర్డు ఒప్పని నాకు తెలుసు గనక! కాళ్ళ పట్టీలు అమ్మి రాయించుకున్నానండి దాన్ని. వాళ్ళు ఏమన్నా నేను లోపల నవ్వుకునేదాన్ని. ఇప్పుడు నా చేతే తప్పు చేయించి, నన్ను క్షమించినట్టు కాయితం ఇస్తారా? ఏం న్యాయం అండీ ఇది!"

ఆమె కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. నాకు సిగ్గేసింది. ప్రభుత్వోద్యోగం చేస్తున్నందుకు సిగ్గుపడడం నాకు అలవాటు లేదు, అందుకే బాగా తెలిసింది.

"వద్దంటే చెప్పండి. కమిషనరు గారికి నా చేత కాదని రాసిచ్చేస్తాను," అన్నాను.

ఆమె పొయ్యి వైపు చూసింది, బెంచీల వైపు చూసింది. ముక్కు చీదుకుంది. "రాసిస్తే సీలు ఆగుద్దా? ఆగదు. కానివ్వండి. ఆ బుల్లెబ్బాయినే పిలవండి. ఎవడు పడితే వాడు నా బోర్డు ముట్టుకోకూడదు."

పెయింటర్ బుల్లెబ్బాయి నిచ్చెనేసుకుని వచ్చాడు. ఏం రాయాలన్నాడు. ఏదో ఒక తప్పు రాయమన్నాను. "ఏదో ఒకటంటే ఎలాగండీ, మళ్ళీ దిద్దేటప్పుడు రేకంతా గీకక్కర్లేని తప్పు కావాలి మనకి," అని గడ్డం గోక్కున్నాడు. "ఇదిగోనండి, ఈ ఇడ్లీలో పై అక్షరాన్ని కిందికి దింపి, కిందిదాన్ని పైకెక్కించేస్తాను. ల పైన, డ కింద. రేప్పొద్దున్న మళ్ళీ తిరగేస్తే సరిపోద్ది."

మాణిక్యమ్మ వెనక్కి తిరిగి నిలబడింది. బుల్లెబ్బాయి పని ముగించేసరికి పొద్దువాలింది. బోర్డు ఇలా తయారైంది:

మాణిక్యమ్మ ఇల్డీ కొట్టు

ఫొటో తీసుకున్నాను. పొద్దున్నే వచ్చి దిద్దాలని బుల్లెబ్బాయికి మరీ మరీ చెప్పాను.

పొద్దున్న నేను వెళ్ళేసరికి కొట్టు దగ్గర తిరనాళ్ళలా ఉంది. బుల్లెబ్బాయి నిచ్చెన కింద పెట్టుకుని నోరు తెరుచుకుని నిలబడ్డాడు. జనం ఒక్కొక్కరే రావడం, తలెత్తి బోర్డు చూడడం, మాణిక్యమ్మని మెచ్చుకోవడం. పెయింటు తడి మెరుస్తూ ఉందిగా, అందుకని అందరూ చూస్తున్నారు.

"హమ్మయ్య, దిద్దించావా మాణిక్యమ్మా! ఇప్పుడు చూడు, కళ్ళకెంత హాయిగా ఉందో," అన్నారు గుప్తా గారు. "కొమ్ము పడింది."

"వత్తు కూడా పెట్టించింది," అన్నారు హెడ్మిస్ట్రెస్ గారు. "ఇన్నాళ్ళకి కడుపు నిండా తింటాను."

"చక్కగా ఇడ్లీ అని ఉంది. మా నాన్నగారు ఉంటే సంతోషించేవారు," అన్నాడు బడ్లీ ఆయన.

మాణిక్యమ్మ ఒకసారి వాళ్ళనీ, ఒకసారి నన్నూ చూసింది. "రత్నంగారూ, నాకేమైనా పిచ్చెక్కిందా?" అంది మెల్లిగా. నేను బుల్లెబ్బాయికి నిచ్చెన ఎక్కమని సైగ చేశాను. వాడు మొదటి మెట్టు మీద కాలు పెట్టాడో లేదో, సైరను మోగింది.

శాలువా ఎవరికో తేల్చే తనిఖీ బృందం, రేపు రావలసింది ఈ రోజే వచ్చేసింది. తెల్ల కార్లు, వాటి వెనకాల మా జీపు. కమిషనరు గారు ముందు దూకి, పెద్దవాళ్ళకి తలుపు తీసి, బోర్డు వైపు చెయ్యి చాపారు. "ఇదే సార్, మా పట్టణంలోని ఏకైక తప్పు! నిన్నటి వరకు! ప్రజల భాగస్వామ్యంతో, నిపుణుల పర్యవేక్షణలో సమూలంగా నిర్మూలించడమైనది."

"చదవండి, చదవండి," అన్నారు బృందంలోని పెద్దాయన.

చక్రపాణి గారు గొంతు సవరించుకున్నారు. తలెత్తి, రోడ్డు అవతలికి వినబడేలా చదివారు. "మాణిక్యమ్మ ఇడ్లీ కొట్టు. ఆహా! సలక్షణం! ఇలా ఉండాలయ్యా తెలుగంటే."

నేను కమిషనరు గారి చెవి దగ్గరికి వెళ్ళాను. "సార్, ఇది ఇంకా నెలకొల్పిన స్థితిలోనే ఉందండీ. తొలగించలేదు."

ఆయన బోర్డుని మరోసారి చూశారు. నన్ను చూశారు. "వెంకటరత్నం గారూ, మీకు మొదటినించీ ఈ బోర్డు మీద ఏదో ఒక పేచీ. అది ఒప్పుగా ఉన్నప్పుడు ఒప్పుకోటం నేర్చుకోండి." అంటూ చప్పట్లు మొదలుపెట్టారు. జనం అందుకున్నారు.

బృందం బోర్డు కిందనే ఇంకో చిన్న రేకు బిగించింది. 'ఇది ప్రభుత్వముచే ధ్రువీకరించబడిన దోషరహిత ఫలకము. ఇందలి ఏ అక్షరమునైనను మార్చిన, చెరిపిన, దిద్దిన వారు శిక్షార్హులు.' బుల్లెబ్బాయి అది చదివి, నిచ్చెన చంకలో పెట్టుకుని, వెనక్కి చూడకుండా వెళ్ళిపోయాడు.

ఆఫీసుకెళ్ళి కంప్యూటరు ముందు కూచున్నాను. ఇడ్లీ అని ఉన్న పాత ఫొటో తప్పు అన్నచోట, ఇల్డీ అని ఉన్న కొత్త ఫొటో ఒప్పు అన్నచోట ఎక్కించాను. పచ్చగా వెలిగి, అభినందనలు చెప్పి, ధ్రువపత్రం ఇచ్చింది. ఆ కాగితం నేనే తీసుకెళ్ళి మాణిక్యమ్మ చేతిలో పెట్టాను. కొట్టు నిలబడింది. ఆమె కాగితాన్ని రెండు కళ్ళకీ అద్దుకుని, గల్లాపెట్టెలో పెట్టుకుని, బోర్డు వైపు మాత్రం చూడలేదు.

కమిషనరు గారికి శాలువా వచ్చింది. 'తప్పుబోర్డు' అని అరిచే ఆటోలకు జరిమానా వేస్తామన్నారు. నాలుగు రోజులు గొణిగి, పోలిశెట్టి మనుషులు 'ఒప్పుబోర్డు, ఒప్పుబోర్డు' అనడం అలవాటు చేసుకున్నారు. నిజం చెప్పొద్దూ, వారం తిరిగేసరికి నాకు కూడా ఆ బోర్డు మీద ఇడ్లీ అనే కనబడడం మొదలైంది. నా కళ్ళ ముందు రాయించిన తప్పు అది. పట్టి పట్టి చూస్తే తప్ప దొరికేది కాదు. మాణిక్యమ్మ మాత్రం పొద్దున్నే కొట్టు తెరిచేటప్పుడు తల వంచుకునే తాళం తీసేది. ఇదివరకు పసుపునీళ్ళతో బోర్డు తుడిచేది, ఇప్పుడది కూడా మానేసింది.

తర్వాత మా ఊరి బ్యాంకుకి కొత్త ఆఫీసరు వచ్చింది. పేరు తామరైసెల్వి, ఊరు మధురై దగ్గర. వచ్చిన దగ్గర్నించీ దారి పొడుగునా బోర్డులు కూడబలుక్కుని చదువుతూ తెలుగు నేర్చుకుంటోంది. ఒకరోజు పొద్దున్న మేమంతా తింటూ ఉండగా ఆటో దిగి, కొట్టు ముందు నిలబడి, పెదాలు కదిలిస్తూ బోర్డంతా చదివి, వచ్చి మా బెంచీ చివర కూచుంది.

"ఒక ప్లేట్ ఇల్డీ," అంది.

"ఇడ్లీయా అమ్మా?" అన్నారు గుప్తా గారు.

"లేదు, లేదు. ఇడ్లీ మా ఊరులో రోజూ తిన్నాను. ఇల్డీ ఎప్పుడూ తినలేదు. అదే కావాలి."

బెంచీలన్నీ గొల్లుమన్నాయి. పక్క బల్ల మీద చక్రపాణి గారు కూడా ఉన్నారు. ఆయన చెయ్యి కడుక్కుని మరీ వచ్చి, జాలిగా చెప్పారు. "చూడమ్మా, అది ఇడ్లీయే. మా తెలుగు వత్తులు మీకు కొత్త కదా, పొరపడ్డావు. బోర్డు ప్రభుత్వం ధ్రువీకరించింది."

ఆ అమ్మాయి తగ్గలేదు. వేలు చూపిస్తూ, "ఇ. ల్. డీ. ఇల్డీ. అలాగే కదా రాసింది?" అంది.

"చదువు రాని వాళ్ళని బ్యాంకులో ఎలా వేస్తారో!" అన్నారు హెడ్మిస్ట్రెస్ గారు నెయ్యి అద్దుకుంటూ.

ఠంగుమని గరిటె కింద పడింది. మాణిక్యమ్మ పొయ్యి దగ్గర్నించి లేచి వచ్చింది. పమిటకి చేతులు తుడుచుకుంది. ఎన్నాళ్ళ తర్వాతో తలెత్తి బోర్డుని పూర్తిగా చూసింది. తర్వాత ఆ అమ్మాయిని చూసింది. ముఖంలో నవ్వొస్తోందో ఏడుపొస్తోందో నాకు తెలియలేదు.

"ఉండమ్మా, వేడివేడిగా పెడతాను," అంది. అప్పుడే దిగిన వాయిలోంచి నాలుగు తీసి, కారప్పొడి చల్లి, నెయ్యి ఒంపేసి, ఆ అమ్మాయి ముందు పెట్టింది. "ఇదిగో తల్లీ, ఇల్డీ."

తామరైసెల్వి ఒక ముక్క నోట్లో పెట్టుకుని కళ్ళు పెద్దవి చేసింది. "చాలా బాగుంది. ఇడ్లీ లాగే ఉంది, కానీ ఇడ్లీ ఇంత బాగుండదు."

డబ్బులివ్వబోతే మాణిక్యమ్మ తీసుకోలేదు. "నీ దగ్గర తీసుకోను. ఇన్నేళ్ళకి నా బోర్డు చదివిన మనిషివి," అంది. ఆ అమ్మాయికి అర్థం కాలేదు గానీ, నవ్వి దణ్ణం పెట్టి వెళ్ళిపోయింది.

నాకు కొంచెం ఉక్రోషం వచ్చింది. మనిషినన్నాక ఉంటుంది కదా. "అదేంటి మాణిక్యమ్మా, నేను కూడా చదివానుగా. ఆ రోజు బెంచీ ఎక్కి మరీ చదివాను," అన్నాను.

"మీరు నోటీసు పట్టుకుని చదివారు రత్నంగారూ," అంది ఆమె, నా ముందు చెయ్యి చాపి. "ఆ పిల్ల ఆకలేసి చదివింది."

నేను డబ్బులు తీసిచ్చాను.